కోసేసిన టాంకుకి పర్మిట్టు

"సంతకం ఒక బొమ్మ. ఆ బొమ్మ అతికించడానికి నీకేటే నొప్పి?" అన్నాడు నా కొడుకు.

"బొమ్మే అయితే నువ్వే గీసుకో నాన్నా. నా ప్రోగ్రాం చేత గీయించకు," అంది మనవరాలు.

"నీ ప్రోగ్రామేటి? నీ అబ్బ సొమ్మా అది? కంపెనీది. కంపెనీవోడు పెట్టమన్నాడు, పెట్టీ."

"నా అబ్బ సొమ్ము కాదు. ఆ కాయితం పట్టుకుని టాంకులోకి దిగేది మాత్రం నా అబ్బే."

వాడు కాళ్లు కడుక్కుందామని చెంబుతో నీళ్లు తెచ్చుకుని, కడుక్కోకుండానే పెరటి గట్టు మీద కూర్చుండిపోయాడు. పిల్ల గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఇద్దరికీ మధ్య పీట మీద కూర్చుని నేను నెత్తళ్ల చేపలు బాగు చేస్తున్నాను. తలలు గిల్లడం ఆపలేదు. ఇంట్లో ఇద్దరు దెబ్బలాడుకుంటుంటే మూడో మనిషి పని ఆపి వినడం మొదలెడితే ఆ దెబ్బలాట ఇంక తెమలదు.

మేం ఎవరెవరమో చెప్పాలి. నా కొడుకు అచ్యుతాపురం వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మేస్త్రీ. పైపులు విప్పడం, టాంకులు కడగడం, లోపల చిల్లులు పడితే వెల్డింగు చేయించడం వాడి ముఠా పని. మనవరాలు డిగ్రీలో కంప్యూటర్లు చదివి అదే ఫ్యాక్టరీ ఆఫీసులో చేరింది. ఇంకా ఖాయం చెయ్యలేదు. కొన్నాళ్లు పని చూసి చెప్తామన్నారు, ఆ గడువు ఆ వారంతో అయిపోతుంది. కోడలు తన చెల్లెలి కాన్పుకని ఆనందపురం వెళ్లి ఉంది. మా ఆయన స్టీల్‌ప్లాంటులో పనిచేసి, రిటైరయ్యాక కూర్మన్నపాలెంలో ఈ రెండు గదులూ కట్టి, కొన్నాళ్లు అందులో ఉండి ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. అంచేత ఆ సాయంత్రం ఇంట్లో మేం ముగ్గురమే.

నా చదువు మిషను బడిలో మూడో తరగతి. నాలుగోదానికి పుస్తకాలు కొనాలన్నారని మా అమ్మ బడి మాన్పించి జీడిపిక్కలు కొట్టే పనికి పంపింది. తర్వాత చదివినదంతా బైబిలే. రాయడం ఈ మధ్య మొదలుపెట్టాను. అదీ పిల్ల ఆఫీసులో అడిగి తెచ్చిన చెడిపోయిన ప్రింటు కాయితాల వెనకవైపు. ఒకవైపు తెల్లగా ఉన్న కాయితాన్ని పారేసేవాళ్లకి దేవుడు కొత్త కాయితం ఎందుకివ్వాలి?

ఇక దెబ్బలాట దేని మీదో చెప్తాను.

టాంకులోకి మనిషి దిగాలంటే ఊరికే దిగకూడదు. పర్మిట్టు అని ఒక కాయితం ఉండాలి. ఏ టాంకు, ఏం పని, ఎవరెవరు దిగుతున్నారు, లోపల గాలి పీల్చడానికి పనికొస్తుందా లేదా, ఇవన్నీ అందులో ఉండాలి. కింద సేఫ్టీ ఆఫీసరు సంతకం ఉండాలి. ఖాళీ టాంకని దిగితే లోపల మందుల ఆవిరి మిగిలి ఉంటుంది, కంటికి కనపడదు. దిగినవాడు కళ్లు తిరిగి పడిపోతాడు. వాణ్ణి తియ్యడానికి దిగినవాడూ పడిపోతాడు. ఈ వైపు ఆ మాట తెలియని ఇల్లు లేదు.

ఆ పర్మిట్టు కంప్యూటర్లో పీడీఎఫ్‌గా ఉంటుంది. పీడీఎఫ్ అంటే ఏమిటని పిల్లని చాలాసార్లు అడిగాను. నాకు అర్థమైనంత వరకూ అది అద్దం బిగించిన పటం లాంటిది. ఎవరింట్లో చూసినా ఒకేలా కనపడుతుంది, ఎవరి చెయ్యీ తగలదు. నింపవలసిన గళ్లు మాత్రం తెరిచి ఉంచుతారు. ఇదివరకు పొద్దున్నే ఒక గుమస్తా కూర్చుని, ముఠాకి ఒకటి చొప్పున ఆ పీడీఎఫ్‌లు తెరిచి, గళ్లు నింపి, ప్రింటు తీసేవాడు. ఆయన రిటైరయ్యాక ఆ పని పిల్లకి అప్పజెప్పారు. పిల్ల కొన్నాళ్లు చేత్తో చేసి, విసుగొచ్చి, ఒక ప్రోగ్రాం రాసింది. ఆఫీసు కంప్యూటరు తెర మీద చిన్న కిటికీ లాంటిది తెరుచుకుంటుంది. అందులో ఒక బొత్తాం. నొక్కితే, మేస్త్రీలు ఫోనులో పంపిన జాబితా చదువుకుని, కావలసినన్ని పీడీఎఫ్‌లు అదే తెరిచి, గళ్లు అదే నింపి, నంబరు అదే వేసి, ఏ ముఠావి ఆ ముఠాకి ఒక కట్టగా కలిపి ప్రింటరుకి పంపేస్తుంది. ఆ తెరవడం మూయడం తెర మీద మనకి కనపడను కూడా కనపడదు. వెనకాలే అయిపోతుంది.

ఆదివారం చర్చి దగ్గర ఈ సంగతి నేనే నలుగురికీ చెప్పాను. పిల్ల వినకుండా చెప్పాను. పొగడ్త వింటే పని చెడుతుంది.

ఒక్కచోట మాత్రం పిల్ల ఆ ప్రోగ్రాంకి ఆపు పెట్టింది. ఆఫీసరు మీటరు పట్టుకుని టాంకు దాకా నడిచి వెళ్లి, లోపలి గాలి చూసి, ఆ అంకె తనే ఫోనులో కొట్టి, ఆ కాయితం తనే తెరిచి చదివి సంతకం నొక్కాలి. అప్పుడు గాని ప్రోగ్రాం ఆ కాయితాన్ని ప్రింటరుకి వదలదు. సంతకం పడ్డాక పీడీఎఫ్‌ని పూర్తిగా బిగించేస్తుంది. ఆ తర్వాత అంకె మార్చడం ఎవరి తరమూ కాదు.

ఆఫీసరు ఒక్కడు. టాంకులు ఆవరణంతా ఉన్నాయి. ఆయనకి మోకాళ్ల నొప్పి. ఆయన తిరిగి వచ్చేదాకా ముఠాలు గేటు లోపల రేకుల షెడ్డు పక్కన నిలబడాలి, షెడ్డులో అందరికీ చోటుండదు. మేనేజరు చూసి, ఈ ఆపు తీసెయ్యమన్నాడు. ఆఫీసరు సంతకం బొమ్మ కంప్యూటర్లో ఉండనే ఉంది, దాన్ని కూడా ప్రోగ్రామే అతికించేస్తే షిఫ్టు మొదలయ్యేసరికి అందరి చేతుల్లోనూ కాయితాలుంటాయి, ఆఫీసరు తర్వాత తీరికగా తిరిగి చూసుకుంటాడు అన్నాడు. అందుకు ప్రోగ్రాంలో రెండు వరసలు రాస్తే చాలని పిల్లే ఒప్పుకుంది. కొన్నాళ్లు పోరి, ఆ రోజు పిలిచి, రేపు పొద్దున్నకి అయిపోవాలన్నాడు. ఎల్లుండి నీ ఉద్యోగం ఖాయం చేసే కాయితం నా బల్ల మీదకి వస్తుంది అని కూడా అన్నాడట. ఆ రెండు మాటలకీ మధ్య ఊపిరి కూడా తీసుకోలేదట.

నా కొడుకు తప్పు మాట్లాడాడని నేననను. వాడి బాధ వాడిది. షెడ్డు పక్కన నిలబడ్డ వేళని కాంట్రాక్టరు పనిగా లెక్క వెయ్యడు. పొద్దెక్కాక దిగిన రోజున సగం కూలే. ముఠాలో పిల్లలు గలవాళ్లున్నారు. వాళ్లు ఆఫీసుని ఏమీ అనలేరు, మేస్త్రీని అంటారు. "నీ కూతురి మిషను మమ్మల్ని ఉప్పు సేపల్లాగ ఎండబెడతంది బావా," అని వాడి ముఖం మీదే అన్నారట. వాడు ఆ రోజు ఆ మాట మింగి, ఇంటికొచ్చి పిల్ల మీద కక్కాడు.

నేను వాడి వైపే మాట్లాడాను.

"ఓలె గుంటా, కంపెనీవోడు కాయితం మీద ఏటి పెట్టమంటే అది పెట్టడమే నీ పని. మంచీ సెడ్డా సూడ్డానికి ఆఫీసరున్నాడు. ఉద్యోగం సంతలో వంకాయ కాదు, ఈవేళ పోతే రేపు ఏరుకోడానికి."

"చూడ్డానికే ఆఫీసరున్నాడు మామ్మా. ఆ చూడ్డాన్నే తీసెయ్యమంటన్నారు."

నేను నెత్తళ్లు కడిగి చట్టిలో వేశాను. ఎదురుమాట చెప్పిందని కోపం వచ్చింది. చెప్పిన మాటలో వంక దొరకలేదని ఇంకా కోపం వచ్చింది. దీపం ఇంకా వెయ్యలేదు, పెరట్లో వెలుతురు సరిపోతోంది. ఉన్న వెలుతురు పారేసి కరెంటు కాల్చడం మా ఇంట్లో లేదు.

అప్పుడు నా కొడుకు మొన్నటి సంగతి ఎత్తాడు. ఆ సంగతి మొదట నవ్వుతూ చెప్పింది కూడా వాడే. మేనేజరు పోరు పడలేక పిల్ల ఒక్క పూట ఆ రెండు వరసలూ రాసి, సంతకం బొమ్మతోనే కాయితాలు తీసి చూపించింది. అవి చూడ్డానికే తీశారు. కానీ ఎవరో ఆ కట్టలు పట్టుకెళ్లి షెడ్డు దగ్గర పంచేశారు. నా కొడుకు ముఠాకి వచ్చిన కట్టలో అడుగున ఒక పర్మిట్టు ఉంది. టాంకు నంబరు ఉంది, గాలి బాగున్నట్టు అంకె ఉంది, కింద నిక్షేపంలా సంతకం ఉంది. ఆ టాంకు మాత్రం లేదు. వానాకాలం వెళ్లగానే దాన్ని గ్యాసుతో ముక్కలుగా కోసి తుక్కు లారీకి ఎత్తేశారు. ముఠా అంతా కడుపు పట్టుకుని నవ్వారు. "దిగు బావా, సంతకం ఉంది కదా, దిగడానికి టాంకే నేదు," అన్నారట. వాడూ నవ్వాడు. రెండు రోజుల తర్వాత ఈ సాయంత్రం అదే సంగతిని వాడు పిల్ల మీదకి రాయిలా విసిరాడు.

"లేని టాంకుకి కాయితం తీసిన మిషను నీది. దానికి నువ్వు కాపలా కాస్తన్నావు. అంత తెలివైందయితే ఆ టాంకు నేదని దానికి తెలదేటి?"

పిల్ల లోపలికి వెళ్లి ఫోను తెచ్చింది. తండ్రి చేతికివ్వకుండా తనే పట్టుకుని చూపించింది.

"జాబితా నువ్వు పంపిందే నాన్నా."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మేస్త్రీలు రోజూ సాయంత్రం మర్నాటి పని జాబితా ఫోనులో ఆఫీసుకి పంపాలి. ఎవరూ కొత్తగా రాయరు. నిన్న పంపినదాన్నే మళ్లీ పంపుతారు, మారినది ఏదైనా ఉంటే పైన మారుస్తారు. అడుగున ఉన్నది అడుగునే ఉండిపోతుంది. వెల్డింగు చేసే వేళ్లతో ఫోను మీద అక్షరాలు కొట్టడం తేలిక కాదు, నా కొడుకు చూపుడు వేలి చివర స్పర్శ ఎప్పుడో పోయింది. పాత గుమస్తాకి ఇదంతా తెలుసు. ఆయన టీ తాగుతూ, ఇది కోసేశారు కదా అనుకుని వదిలేసేవాడు. ప్రోగ్రాంకి ఎవరు చెప్తారు?

"ఆ టాంకు కోసింది నువ్వే," అంది పిల్ల. ఎగతాళిగా అనలేదు. "కోసిన రోజు సాయంత్రం కూడా నీ జాబితాలో అది ఉంది. మర్నాడూ ఉంది. మొన్నా ఉంది. నా ప్రోగ్రాం నువ్వు చెప్పింది నమ్మింది. బొమ్మ నా ప్రోగ్రాంని నమ్మింది. అందరూ నమ్మీసేరు, ఒక్కళ్లూ చూడలేదు."

వాడు ఫోను వైపు చూసి ముఖం తిప్పుకున్నాడు. వాడి చిన్నప్పటి నుంచీ తప్పు దొరికితే వాడి చెవులు ఎర్రబడతాయి. ఈ వయసులోనూ ఎర్రబడ్డాయి.

నాకు ఆ మాటతో మా ప్రార్థన కూడిక గుర్తొచ్చింది. వాళ్లిద్దరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను. మా వీధి స్త్రీల కూడికలో స్వస్థత కోసం ప్రార్థించవలసినవాళ్ల పేర్లతో ఒక జాబితా ఉంటుంది. పూర్వం చీటీ మీద ఉండేది, ఇప్పుడు ఫోనులో వస్తుంది. వారం వారం పాతదానికే కొత్త పేర్లు చేరుస్తారు. తీసేవాళ్లుండరు. ఎవరి పేరైనా తీసేస్తే వాళ్లకి ఇంక ప్రార్థన వద్దన్నట్టు అవుతుందేమోనని ప్రతివాళ్లకీ భయం. ఒక శుక్రవారం చదివే ఆవిడ కళ్లజోడు సవరించుకుని, ఫలానా సహోదరుడు నడుం నొప్పి తగ్గి మంచం మీద నుంచి లేచి నడవాలని గట్టిగా ప్రార్థించింది. ఆ సహోదరుణ్ణి అంతకు ముందు వారమే సమాధి చేసి వచ్చాం. పాట పాడినవాళ్లలో ఆవిడా ఉంది, నేనూ ఉన్నాను. ఆయన భార్య మా మధ్యనే కొంగు కప్పుకుని కూర్చుని ఉంది. అందరం ఆమేన్ అన్నాం. ఆమె కూడా అంది. తర్వాత ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. టీ ఇచ్చారు. ఆమె తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయింది.

ఆవిడకి ఆ మనిషి పోయాడని తెలియదని కాదు. జాబితా చేతిలో ఉన్నప్పుడు తెలిసినది గుర్తు రాదు. చదువుకున్నవాళ్లకీ అంతే, లేనివాళ్లకీ అంతే.

చట్టి పొయ్యి మీద పెట్టి మళ్లీ గుమ్మంలోకి వచ్చేసరికి పిల్ల తన లాప్‌టాప్ తెచ్చి గట్టు మీద తండ్రి పక్కన పెట్టింది. అది దాని కాలేజీ నాటిది, ఒక మూల పగిలితే ప్లాస్టరు చుట్టాను. ఆ ప్రోగ్రాం మొదట రాసింది దాని మీదే.

"రేపటి జాబితా పంపీసేవా?" అని అడిగింది.

"పంపీసేను."

"అయితే చూడు. ఇది ఆపు తీసీసిన రకం. ఇక్కడ ప్రింటరు లేదు, భయం లేదు."

బొత్తాం నొక్కింది. నేను తండ్రీ కూతుళ్ల భుజాల మీదుగా తొంగి చూశాను. ఏమీ జరగలేదు. నేను తల తిప్పుకోబోయే లోపల ఒక కాయితం తెర మీద నిలబడింది. అన్నీ నిండి ఉన్నాయి. టాంకు నంబరుంది. లోపల వెల్డింగు అని ఉంది. దిగేవాళ్ల పేర్లలో మొదటిది నా కొడుకుది. నేను పెట్టిన పేరు, అచ్చులో ఉంది. దాని కింద గాలి అంకె, ఆ కింద సంతకం. ఇంటిపేరు దగ్గర పెద్ద సున్నా చుట్టి, కింద గీత గీసిన సంతకం. చూసి పెట్టిన సంతకం ఎలా ఉంటుందో అది అలాగే ఉంది. కాయితం మీద ఆ రెండింటికీ తేడా ఏమీ ఉండదు.

నాకు సంతకం చెయ్యడం వచ్చు. మా వీధిలో రానివాళ్లున్నారు, వాళ్లు రేషను దగ్గర వేలు పెడతారు. వేలు పెట్టాలంటే మనిషి వెళ్లి నిలబడాలి, ఎండలోనైనా వానలోనైనా. ఈ సంతకానికి మనిషి అక్కర్లేకపోయింది. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది గానీ, పైకి అనలేదు. అంతకు ముందే పెట్టెయ్యమని నేనే గట్టిగా చెప్పి ఉన్నాను.

నా కొడుకు వేలు పెట్టి వరసలు కూడబలుక్కుంటూ చదివాడు. తన పేరు దగ్గర ఆగలేదు. గాలి అంకె దగ్గర ఆగాడు.

"ఇదెక్కడిది?"

"ఆఖరుసారి ఆ టాంకుకి కొట్టిన అంకె. గడి ఖాళీగా ఉంటే సంతకం పడదు నాన్నా. అందుకని పాత అంకె తీసుకోమన్నారు."

"పాతదంటే ఎప్పటిది?"

"మీ ముందు ముఠా దిగినప్పటిది."

"ఆ తర్వాత ఆ టాంకులోన సరుకు పోసి తీసేరు," అన్నాడు వాడు. గొంతులో ఇందాకటి గట్టితనం లేదు. "ఈవేళే ఖాళీ సేసేరు. నాను సూసేను."

"నీకు తెలుసు. దీనికి తెలదు."

వీధిలో ప్లాంటు బస్సు ఆగి, షిఫ్టు దిగినవాళ్లు మాట్లాడుకుంటూ వెళ్లిపోయారు. వాడు అప్పుడు చెంబు ఎత్తి కాళ్లు కడుక్కున్నాడు. తువ్వాలుతో తుడుచుకుంటూ, పిల్ల వైపు చూడకుండా అడిగాడు.

"రేపు నా వోళ్లకి నానేటి సెప్పాల? మళ్లీ సగం కూలే అని సెప్పాలా?"

"నా వల్లే అని చెప్పు."

"సెప్తే ఆ మాట ఆఫీసుకి పోతాది. నీ ఉద్యోగం పోతాది."

"పోతే పోయిందని అనడానికి నాకు ధైర్యం లేదు నాన్నా," అంది పిల్ల. "పోకూడదనే ఉంది. పొద్దున్నుంచీ ఆ రెండు వరసలూ రాసి, చెరిపి, మళ్లీ రాసి చెరిపేను. కానీ రాసి పెడితే రోజూ పొద్దున్న నువ్వు దిగేవేళకి నేను ఆఫీసులో కూర్చుని ఉంటాను. ఏ గంటకి దిగుతావో నాకు తెలుస్తాది. ఆ కాయితం ఎవరూ చూడలేదనీ తెలుస్తాది. అలా కూకోలేను."

అది ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. ఏడిస్తే తిట్టేదాన్ని. లాప్‌టాప్ ముందుకి లాక్కుని, ఆ రెండు వరసలూ మా ఇద్దరి ముందే చెరిపేసింది. మళ్లీ బొత్తాం నొక్కింది. ఈసారి కాయితం నిండింది గానీ గాలి గడి ఖాళీగా ఉంది, సంతకం గడి బూడిద రంగులో మూసుకుని ఉంది. ఆఫీసరు కోసం ఎదురు చూస్తోందని కింద చిన్న అక్షరాల్లో తెలుగులోనే రాసి ఉంది. తెలుగులో ఎందుకు రాశావంటే, షెడ్డు దగ్గర నిలబడ్డవాళ్లు అడిగినప్పుడు తెర చూపించడానికి అంది.

"రేపు మళ్లీ పెట్టమంటాడు," అన్నాడు నా కొడుకు.

"అంటాడు. అన్నప్పుడు చెప్తాను."

"ఏటి సెప్తావు?"

"రాయలేదని చెప్తాను. రాయనని చెప్పడానికి ఇంకా నోరు రాలేదు."

ఇద్దరూ నా వైపు చూశారు. ఇంట్లో పెద్దదాన్ని నేను. ముందు ఒక మాట అనేసి ఉన్నాను. దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని చెప్పడం నాకు అలవాటు లేదు, మా ఆయన ఉన్నన్నాళ్లూ ఆయనతోనూ చెప్పలేదు. "అన్నం సల్లారిపోతంది. మళ్లీ ఎచ్చబెట్టడానికి గ్యాసు ఊరికే రాదు, లెగండి," అన్నాను.

దీపం వేసి ముగ్గురం కూర్చున్నాం. మా ఇంట్లో కంచాల ముందు ప్రార్థన ఎప్పుడూ నా కొడుకే చేస్తాడు. ఆ పూట వాడు తల వంచుకుని ఊరుకున్నాడు. కొంతసేపు చూసి పిల్లే మొదలెట్టింది. అన్నానికి స్తోత్రం చెప్పింది, వాళ్లమ్మనీ పిన్నినీ పుట్టబోయే బిడ్డనీ అప్పజెప్పింది. ఆఖరున, రేపు ఆఫీసరు గారి మోకాళ్లకి బలం ఇయ్యి ప్రభువా అంది. నా కొడుకు ముక్కులో ఒక శబ్దం వచ్చింది. నవ్వో మరేటో నేను కళ్లు మూసుకుని ఉన్నాను కాబట్టి తెలియదు. ఆమేన్ మాత్రం ముగ్గురం అన్నాం.

నెత్తళ్లు మర్నాటి పొద్దుటికి కూడా సరిపెడదామని వండాను. పిల్ల కంచంలో ఇంకొంచెం వేశాను. అది తల ఎత్తి చూసింది. తిను అన్నాను.

తిన్నాక నా కొడుకు ఫోను తీసి, గోడకి చేరబడి, చాలాసేపు దానితో కుస్తీ పట్టాడు. పంపిన జాబితా మళ్లీ మొదటి నుంచి రాస్తున్నాడు. ఒక్కో అక్షరం కొట్టి, తప్పైతే చెరిపి, మళ్లీ కొట్టి. సాయం చెయ్యనా అని పిల్ల అడగబోతే నేను కళ్లతోనే వద్దన్నాను.

మర్నాడు పొద్దున్న చోడి అంబలి తాగి ఇద్దరూ ఒకే బస్సెక్కి వెళ్లారు. ఆ తర్వాతది నేను చూసింది కాదు, ఇద్దరూ చెప్పగా విన్నది.

ప్రోగ్రాం కాయితాలన్నీ నింపి, ఆఫీసరు కోసం ఆగిపోయింది. మేనేజరు పిల్లని పిలిచి ఆ రెండు వరసలూ ఏవని అడిగాడు. రాయలేదంది. ఎందుకని అడిగాడు. చూడకుండా సంతకం పడే కాయితం నేను రాయలేను సార్ అంది. రాత్రి రాదనుకున్న మాట అప్పుడు వచ్చింది. ఆయన అరవలేదు. రేపు నీ కాయితం మీద సంతకం చెయ్యను, ఇంకొన్నాళ్లు చూద్దాం, ఈలోగా వేరేవాళ్లెవరైనా రాస్తారేమో కనుక్కుంటాను అన్నాడు. పిల్ల వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

ఆఫీసరు గొణుక్కుంటూ మీటరు తీసుకుని బయల్దేరాడు. ముఠాలన్నీ షెడ్డు పక్కన ఎండలో నిలబడ్డాయి. నా కొడుకుని నాలుగు మాటలన్నారు. వాడు కూతురి పేరు చెప్పలేదు. ఆఫీసరు ఒక్కో టాంకే చూసుకుంటూ వచ్చాడు. అన్నిటిలోనూ గాలి బాగానే ఉంది. నా కొడుకు టాంకులోనూ బాగానే ఉంది. ఆయన మూత దగ్గర నిలబడి రెండుసార్లు చూశాడు, అంకె కొట్టాడు, కాయితం తెరిచి సంతకం పెట్టాడు. ఆఫీసులో ప్రింటరు ఆ కాయితం వదిలింది. అప్పటికి పొద్దెక్కిపోయింది. ముఠాకి ఆ రోజు సగం కూలే. నా కొడుకు కాయితం మడిచి జేబులో పెట్టుకుని, నడుముకి తాడు కట్టించుకుని, దిగాడు.